ఎలుక కణాలకు కొసరు

ఇది మహాకావ్యం. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పలేదనకండి. ఇందులో మూర్ఛ ఉంది. కంతి ఉంది. మరణాలు లక్షల్లో ఉన్నాయి. ఆరేళ్ళు తపస్సు చేసిన ఒక స్త్రీ ఉంది, చివరి నెలలో ఆమె మీద పడిన నీలినీడ ఉంది. వెనకాల ఏడుకొండలు కూడా ఉన్నాయి, కాబట్టి సెట్టింగుకు లోటు లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మూర్ఛ ఎవరికీ రాలేదు, ఉన్నది మూర్ఛకు వాడే మందు. కంతి ఒక ఎలుకది, ఆ ఎలుక నేను పుట్టకముందే పోయింది. చచ్చినవి ప్లాస్టిక్ ప్లేట్లలో పెరిగే కణాలు. ఏడుకొండలు మా ల్యాబు కిటికీలోంచి కనిపించవు, ఏసీ డబ్బా అడ్డం. ఇక ఆ నీలినీడ తెచ్చిపెట్టినవాణ్ణి నేనే. మహాకావ్యాన్ని విలనే కూర్చుని రాయడం ఆచారం కాదు. కాబట్టి ఇది మహాకావ్యం కాదు. తిరుపతిలో ఒక ల్యాబులో ప్రాజెక్టు అసిస్టెంటుగా ఉన్నప్పుడు నేను చేసిన ఒక తప్పు గురించి.

అడ్రినల్ అనేది మూత్రపిండం నెత్తిన టోపీలా కూర్చునే చిన్న గ్రంథి. దశాబ్దాల కిందట ఎక్కడో ఒక ఎలుకకు ఆ గ్రంథిలో కంతి లేచింది. ఎవరో ఆ కంతి కణాలను తీసి పెంచారు. అవి ఇప్పటికీ దేశదేశాల ల్యాబుల్లో పెరుగుతూనే ఉన్నాయి. ఎలుక పోయింది, దాని రోగం మాత్రం ఊరూరా స్థిరపడింది. ఇందులో నీతి వెతకొద్దు, నేను వెతికాను, లేదు.

ఆ కణాలు మామూలుగా గుండ్రంగా, గుంపులు గుంపులుగా, పెళ్ళిలో రెండో బంతి కోసం నిలబడ్డవాళ్ళలా ఉంటాయి. తగిన మందు తగిలితే పిల్లల్ని పెట్టడం తగ్గించి, నరాల కణాల్లాగా సన్నటి తోకలు సాచుతాయి.

మా ల్యాబులో ఒక సీనియర్ ఉండేది. వడమాలపేట దగ్గర పల్లె. అందరికీ అక్కే. ఆరేళ్ళుగా ఆమె అడుగుతున్న ప్రశ్న ఒకటే: మూర్ఛకు ఇచ్చే ఆ మందు ఈ కంతి కణాల మీద పోస్తే ఏమవుతుంది? ఆరేళ్ళలో ఆమె తెచ్చిన జవాబు ఇది. తక్కువ పోస్తే ఏమీ కాదు. మధ్య మోతాదులో పోస్తే కణాలు పెరగడం తగ్గి తోకలు వస్తాయి. ఎక్కువ పోస్తే చస్తాయి.

ఈ ముక్క ఒక ఆదివారం చిత్తూరులో మా నాయనకు చెప్పాను. ఆయన బెల్లం అంగడి కట్టేసి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఎక్కువ పోస్తే ఏదైనా సస్తాదిరా. దానికి అంత సదువెందుకు?" అన్నాడు.

ఆ మాట అక్కకు మోసుకెళ్ళి చెప్పాను. ఆమె నవ్వి, కష్టమంతా మధ్యలోనే ఉందని చెప్పమంది. నిజమే. ఆమె థీసిస్ అంతా ఆ మధ్య మోతాదు మీదే నిలబడి ఉంది. చంపకుండా మార్చే మోతాదు.

ఆమె రిజిస్ట్రేషన్ గడువు అప్పటికి రెండుసార్లు పొడిగించారు. మూడోసారి పొడిగించరని కాగితం వచ్చింది. ఆ నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఆరేళ్ళూ గాలికి. థీసిస్ ఇవ్వాలంటే గైడు సారు సంతకం కావాలి. సారుది ఒక పాత నియమం: ముఖ్యమైన ప్రయోగాన్ని వేరొకరు, అక్క అంకెలు చూడకుండా, తమ చేతులతో చేసి అదే ఫలితం తేవాలి. ఒక చేత్తో వస్తే వంట, రెండు చేతుల్లో వస్తే సైన్సు అనేవారు. ఆ రెండో చెయ్యి నాది. నాకు ఏదో నైపుణ్యం ఉందని కాదు, ఆ ఏడాది ల్యాబులో ఖాళీగా ఉన్న చెయ్యి అదొక్కటే.

అక్క నాకు వారం రోజులు పని నేర్పింది. కణాలు ఉండే ప్లేటులో వరసగా చిన్న గుంటలు ఉంటాయి, ఇడ్లీ రేకులాగా. ఒక్కో గుంటలో ఇంత మందు అని పైపెట్‌తో పోయాలి. మేం మందును కణాలకు మేతగా వాడే, సీరం కలిసిన ద్రవంలో కలిపేవాళ్ళం. దానికి నురగ కట్టే గుణం ఉంది. అందుకని తీసుకునేటప్పుడు పైపెట్ మీటను బొటనవేలితో రెండో ఆపు దాకా, అడుగంటా నొక్కి కాస్త ఎక్కువే పీల్చాలి. పోసేటప్పుడు మొదటి ఆపు దాకానే నొక్కాలి. అప్పుడు పడిందే అసలు కొలత. పైపెట్ చివర తొడిగే ప్లాస్టిక్ టిప్పులో అడుగున కొంచెం మిగులుతుంది, దాన్ని టిప్పుతో సహా చెత్తడబ్బాలో వేసేయాలి. అక్క ఇదంతా చేసి చూపించింది. నేను తలూపాను. తలూపడంలో నాకు ఒకటో తరగతి నుంచీ మంచి పేరుంది.

మొదటిసారి మందు పోసి మూడు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి, మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. తక్కువ మోతాదు గుంటల్లో కణాలు బాగున్నాయి. ఎక్కువ మోతాదులో చచ్చాయి. మధ్య మోతాదులో కూడా చచ్చాయి. అన్నీ కాదు, కానీ చాలా. బతికినవి తోకలు సాచే ఉత్సాహంలో లేవు. లెక్కపెట్టి సారుకు ఇచ్చాను. ఆయన మళ్ళీ చేయమన్నారు. మళ్ళీ చేశాను, మళ్ళీ చచ్చాయి. పైగా ఒకే మోతాదు పోసిన మూడు గుంటల్లో మూడు రకాల అంకెలు.

సారు కోప్పడలేదు. అక్కను పిలిచి, ఆరేళ్ళ నోట్‌బుక్కులూ తెచ్చి తన గదిలో పెట్టమన్నారు. ల్యాబు భాషలో దానర్థం ఇంటికి పోలీసులు రావడం. అంకెలు కల్పించావా అని ఎవరూ అడగలేదు. ఎవరూ అడగకపోవడమే అక్కకు ఎక్కువ తగిలింది. పక్క ల్యాబువాళ్ళు టీ దగ్గర ఆమెను చూసి గౌరవంగా పక్కకు జరగడం మొదలుపెట్టారు. ఆ గౌరవం నేనెరుగుదును, చావింటి ముందు చెప్పులు విప్పేవాళ్ళ గౌరవం.

నాకు మాత్రం ఒక్క క్షణం కూడా నా మీద అనుమానం రాలేదు. ఇది ఇప్పుడు రాస్తుంటే కొంచెం ఇబ్బందిగా ఉంది గానీ, నిజం. అక్క చెప్పినట్టే చేశాననుకున్నాను. ఇంకా చెప్పాలంటే, చెప్పినదానికన్నా శ్రద్ధగా చేశాననుకున్నాను.

క్యాంటీన్‌లో అక్క నా ఎదురుగా కూర్చుని లెమన్ రైస్ ముందు పెట్టుకుని స్పూనుతో పల్లీలు ఒక పక్కకు జరుపుతోంది. తినడం లేదు, వరస పెడుతోంది.

"నాకే అనుమానంగా ఉండాదిరా," అంది. "మొదటి సంవత్సరం మందు తూకం నేనే తప్పు రాసుకున్నానేమో. ఆడ తప్పితే ఆరేళ్ళూ తప్పే."

నాకు ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో తెలియదు కాబట్టి జోకు వేస్తాను. కణాలు నీ తప్పువల్ల చావలేదక్కా, రోజూ పొద్దున్నే లెన్సులోంచి నా ముఖం చూసి చచ్చుంటాయన్నాను. ఆమె నవ్వలేదు. నా జోకులకు జనం నవ్వకపోవడం కొత్త కాదు. కానీ ఈసారి ఆమె ఆ మాటను నిజంగా ఆలోచించింది. లైటు ఎక్కువ పెడుతున్నావా అని అడిగింది. నా జోకులో కూడా కారణం వెతుక్కునే స్థితికి వచ్చిందంటే పరిస్థితి ఎంత దూరం పోయిందో అప్పుడు అర్థమైంది.

నెలాఖరుకు పదకొండు రోజులు ఉన్నాయి. అక్క సారు దగ్గరికి వెళ్ళి, వాడు మూడోసారి మందు పోసేటప్పుడు పక్కన కూర్చుంటానని అడిగింది. సారు ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. నోరు తెరవకూడదు, చెయ్యి పెట్టకూడదు. పరీక్ష హాల్లో తల్లిని కూర్చోబెట్టినట్టు.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. నేను ముందు మందు లేని గుంటలు పూర్తిచేశాను. తర్వాత మందు మొదలుపెట్టాను. మూడో గుంట అయింది, నాలుగోది అయింది.

"ఆపు," అంది.

"నువ్వు మాట్లాడకూడదన్నారు సారు."

"సారుకు నేను సెప్పుకుంటా. ఇప్పుడేం జేసినావు?"

"పోసినాను."

"పోసినాక?"

"పోసినాక ఏముంది, అయిపోయింది."

"పోసినాక బొటనవేలు ఇంకోసారి నొక్కినావు. నేను చూస్తానే ఉండా."

"అదా," అన్నాను. "అది కొసరక్కా."

"ఏంది?"

"కొసరు. టిప్పులో మిగిలింది గదా. ఊరికే చెత్తలో పారబోయడం ఎందుకని."

ఆమె స్టూలు మీంచి లేచింది. గొంతు పెంచకుండానే అడిగింది. "అన్నిట్లోనూ ఏసినావా?"

"అన్నిట్లోనూ. ఒకదానికి వేసి ఇంకోదానికి వేయకపోతే బాగుండదు గదా."

దీనికి కొంచెం వివరణ అవసరం. మా ఇంట్లో మూడు తరాలుగా బెల్లం అమ్ముతున్నారు. కిలో అడిగితే కిలో తూచి ఇవ్వడం మా వీధిలో పని పూర్తయినట్టు కాదు. తూకం సరిపోయాక పక్క గంపలోంచి ఒక ముక్క విరిచి పైన వేయాలి. అప్పుడే సంచి మూతి మూస్తారు. కొసరు లేకుండా పొట్లం కట్టిన అంగడికి రెండోసారి ఎవరూ రారు. ఎలక్ట్రానిక్ తక్కెడ వచ్చాక కూడా ఇది మారలేదు. అది అడిగిన అంకె దాకా చూపిస్తుంది, ఆ పైన ముక్క పడేటప్పుడు మాత్రం అందరూ వేరే వైపు చూస్తారు. కొసరు పడుతుండగా అంకె వంక చూడటం మర్యాద కాదు. నాకు మాటలు వచ్చేటప్పటికే ఈ పద్ధతి వచ్చు. తూకం అనేది సగం పని, కొసరుతోనే అది ముగుస్తుంది. పైపెట్ చేతికిచ్చి, సరిగ్గా కొలిచి పోసి, మిగిలింది పారెయ్యమంటే నా తల ఊగింది. బొటనవేలు ఊగలేదు.

అక్క నన్ను తిట్టలేదు. తిట్టుంటే సులువుగా ఉండేది. చేతి తొడుగులు వేసుకుని, చిన్న తక్కెడ దగ్గరికి తీసుకెళ్ళి, నీ కొసరు ఎంతో చూద్దాం రా అంది. పదిసార్లు నా చేత ఆ మిగిలిన చుక్కను తక్కెడ మీద వేయించింది. మా వంశంలో కొసరును తూచడం అదే మొదటిసారి.

ఇంచుమించు అసలులో నాలుగో వంతు వచ్చింది. ఏ రెండుసార్లూ ఒకేలా లేదు. ఒకసారి బొటనవేలు ధారాళంగా ఉంది, ఇంకోసారి పొదుపుగా ఉంది. మూడు గుంటల్లో మూడు అంకెలు ఎందుకొచ్చాయో అక్కడే తేలిపోయింది. కొలిచి వేస్తే అది కొసరు ఎలా అవుతుంది, అదీ తూకమే అవుతుంది. మందు లేని గుంటలకు కూడా నేను కొసరు వేశాను, కానీ వాటిలో పడింది ఉత్త ద్రవం కాబట్టి అవి ఏమీ పట్టించుకోలేదు. మధ్య మోతాదు గుంటలను మాత్రం చావు గుమ్మం దాకా నేనే చెయ్యి పట్టి నడిపించాను. మర్యాద కొద్దీ.

"సారు గదిలో కూర్చోని ఆరేళ్ళ నోట్‌బుక్కులూ వెనక్కి తిరగేసినానురా," అంది అక్క. "నిద్రపోయి నాలుగు రోజులయింది. నువ్వు బెల్లం అమ్ముతాండావా?"

దానికి జోకు ఉంది, నాలుక చివరిదాకా వచ్చింది. వేయలేదు. ఆ ఏడాది నేను చేసిన మంచి పనుల్లో అదొకటి.

సారుకు చెప్పడం నా వంతు. మెట్లెక్కుతూ ఒక ప్రసంగం తయారుచేసుకున్నాను. అందులో క్షమాపణ రెండుసార్లు, బాధ్యత అనే మాట ఒకసారి ఉన్నాయి. గదిలోకి వెళ్ళేటప్పటికి సారు కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. ప్రసంగం మొదటి వాక్యంలో కొసరు అనే మాట వినగానే ఆయనకు సంగతి అర్థమైంది.

"మీది ఏమి అంగడప్పా?" అని అడిగారు.

"బెల్లం సార్. చిత్తూరులో."

ఆయన తలాడించారు, రోగికి జ్వరం ఎందుకొచ్చిందో తెలిసిన డాక్టరులాగా.

"నోట్‌బుక్కులో రాసినావా?"

"ఏమని రాయమంటారు సార్?"

"ఏం జరిగిందో అది రాయి."

నోట్‌బుక్కు ఇంగ్లీషులో రాయాలి. కొసరుకు ఇంగ్లీషు మాట కోసం కాసేపు కష్టపడ్డాను. ఇంగ్లీషువాళ్ళు ఇస్తారో లేదో తెలియదు, మాట మాత్రం దొరకలేదు. చివరికి ఇంగ్లీషు అక్షరాల్లోనే కొసరు అని రాసి, తక్కెడ మీద వచ్చిన పది అంకెలూ కింద వేశాను. సారు సంతకం చేశారు. ఆ సాయంత్రం అక్క నోట్‌బుక్కులన్నీ ఆయనే చేతుల మీద మోసుకొచ్చి ఆమె బల్ల మీద పెట్టారు. ఏదో అనబోతున్నట్టు నిలబడ్డారు. ల్యాబంతా పని ఆపి చూస్తోంది.

"ఈ ఫ్యాను కొంచెం తగ్గించండమ్మా, కాగితాలు ఎగురుతాయి," అని వెళ్ళిపోయారు.

అక్క ఫ్యాను తగ్గించింది. కళ్ళు తుడుచుకుందని పక్క ల్యాబువాళ్ళు తర్వాత ప్రచారం చేశారు. నేను పక్కనే ఉన్నాను. తుమ్మింది.

కణాలు మళ్ళీ సరిపడా పెరగడానికి ఐదు రోజులు పట్టింది. మందు పోశాక మూడు రోజులు. మధ్యలో వాటికి మేత మార్చాలి. దాని కోసం ఆదివారం ఊరికి పోకుండా ఉండిపోయాను. ఈసారి ప్రతి గుంటకూ అక్క పక్కనే నిలబడి నా బొటనవేలు చూస్తూ ఉంది. నేను కొలత పోసి, మిగిలినదాన్ని టిప్పుతో సహా డబ్బాలో వేశాను. పద్దెనిమిది గుంటలు, పద్దెనిమిది టిప్పులు. ప్రతిసారీ, ఎదురుగా సంచి పట్టుకుని ఎవరో ఇంకా కదలకుండా నిలబడి ఉన్నట్టే అనిపించింది.

మూడో రోజు పొద్దున మైక్రోస్కోపులో మొదట నేనే చూశాను. మధ్య మోతాదు గుంటలో గుంపులు విడిపోయి ఉన్నాయి. కణాలు అడుగుకు అంటుకుని పడుకున్నాయి, ఒక్కోదాని నుంచి సన్నటి దారాలు బయటికి వచ్చాయి. కొన్ని పక్క కణం దాకా పోయి తాకుతున్నాయి. ఎలుక కంతిలో పుట్టి, పిల్లల్ని పెట్టడం తప్ప ఇంకేమీ తెలియని కణం, పక్కవాడి వైపు చెయ్యి చాచడం. నాకు ఒళ్ళు కొంచెం జలదరించింది. ఏసీ పదహారులో పెట్టి ఉందని తర్వాత చూసుకున్నాను.

లేచి స్టూలు అక్కకు ఇచ్చాను. ఆమె చాలాసేపు కన్ను తీయలేదు.

"ఇవే," అంది.

లెక్కపెడితే అంకెలు ఆమె అంకెలకు దగ్గరగా వచ్చాయి. అచ్చంగా కలవలేదు. అచ్చంగా కలిసి ఉంటే సారు మళ్ళీ నోట్‌బుక్కులు అడిగేవారు. ఆయన మూడు సెట్ల అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, కొసరు వేసిన రెండింటినీ కూడా థీసిస్ చివర, ఎందుకు వదిలేశామో కారణంతో సహా, చేర్చమన్నారు. తర్వాత సంతకం చేశారు. అప్పటికి గడువు ఇంకా రెండు రోజులు ఉంది.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అయితే ఆ మందుతో కంతి నయమవుతుందా అని అడిగింది. మా వీధిలో ఎవరికో మెడ దగ్గర ఏదో ఉందట, పంపించమంటావా అంది. ప్లేటులో ఎలుక కణం తోక సాచినంత మాత్రాన మనిషికి ఏమవుతుందో ఎవరికీ తెలియదని, ఆ మందు మూర్ఛకు, అదీ డాక్టరు రాస్తేనే వాడాలని, మెడ దగ్గర ఉన్నదాన్ని వెంటనే ఆసుపత్రిలో చూపించుకోమని చెప్పాను. అమ్మ అంతా విని, మరి ఇంతకాలం ఏం చేశారు మీరంతా అంది. ఈ ప్రశ్న మా రంగంలో పెద్దపెద్దవాళ్ళు కూడా అడుగుతారు, ఇంత సూటిగా అడగరు.

మర్నాడంతా ప్రింటింగు, బైండింగు. ఆఖరి రోజు పన్నెండు గంటలకు నాలుగు కాపీలు మోసుకుని అక్కా నేనూ పరీక్షల విభాగానికి వెళ్ళాం. కౌంటరులో ఉన్నాయన పై కాపీ తీసి తెరిచారు. తోకల ఫొటోలు ఉన్న పేజీలు బొటనవేలి కింద గబగబా పోయాయి. ఆయన ఒక పేజీ దగ్గర ఆపి, సొరుగులోంచి ప్లాస్టిక్ స్కేలు తీసి కాగితం అంచు మీద పెట్టారు.

"ఈడ ఇంచే ఉండాదమ్మా," అన్నారు. "ఒకటిన్నర ఉండాల."

ఐదింటికి కౌంటరు మూస్తారు. ఆటోలో ప్రింటింగు షాపుకు పోయాం. మార్జిన్ మార్చేసరికి పేజీలన్నీ జరిగాయి, విషయసూచికలో నంబర్లు నేను చదువుతుంటే అక్క దిద్దింది. మళ్ళీ ప్రింటు, మళ్ళీ బైండింగు. నాలుగున్నరకు కౌంటరు దగ్గరికి చేరాం. ఆయన మళ్ళీ స్కేలు పెట్టి చూసి, నాలుగు కాపీలూ తీసుకుని, ముద్ర కొట్టి రసీదు ఇచ్చారు. అక్క ఆ రసీదును రెండు మడతలు పెట్టి ఐడీ కార్డు వెనక దూర్చుకుంది.

థీసిస్‌కు ఎడమవైపు మార్జిన్ ఒకటిన్నర అంగుళం వదలాలి. లేకపోతే బైండింగు కుట్టు కింద ప్రతి లైనులో మొదటి అక్షరం పోతుంది.